గుట్ట మీద చోటు

కిందటి వారం కెదుంగ్‌సారి సభామంటపంలో ఊరంతా చాపల మీద ఊపిరి బిగబట్టి కూర్చుని ఉండగా మనం బయటికి వచ్చేశాం. మళ్ళీ లోపలికి అడుగుపెట్టేముందు నాలుగు మాటలు.

నది అవతల పెరిగి పెరిగి ఒడ్డుదాకా వచ్చిన నగరం ఈ ఊరిని తనలో కలిపేసుకుంటానంటోంది. కలిస్తే ఊరు ఎన్నుకునే పెద్ద ఉండడు, నగరం పంపే అధికారి ఉంటాడు. ఊరి ఉమ్మడి పొలాలు నగరానివైపోతాయి. తాతముత్తాతలు పడుకున్న సమాధుల గుట్ట మీద ఇక కొత్తగా ఎవరినీ పూడ్చనివ్వరు. బదులుగా ఇంటింటికీ కుళాయి, నగరపు ఆసుపత్రి, అన్నిటికీ మించి వంతెన దాటగానే ఉన్న పెద్ద బడిలో పిల్లలకి సీట్లు. ఊరు కూర్చుని ఒప్పుకుంటేనే కలుపుతామని నగరం మాటిచ్చింది. ఊరి పెద్ద వార్సితి మొదటినుంచీ వద్దన్నవాళ్ళ వైపు. మూడేళ్ళ కిందట చనిపోయిన ఆమె భర్త దర్మాజి, తను ఊరి పెద్దగా ఉన్నన్నాళ్ళూ నగరాన్ని వంతెన దాటనివ్వలేదు. ఆయన మాట నిలబెడతానని చెప్పే ఆమె ఆ కుర్చీ ఎక్కింది. అలాంటిది, నిండు సభలో లేచి “నేను కలవాలంటున్నాను” అన్న మనిషి మరెవరో కాదు, వార్సితి కన్నకూతురు వెనింగ్.

ఆ మాట తరవాత మంటపంలో వేరుశనగ తొక్కల చప్పుడు కూడా ఆగిపోయింది. వార్సితి కూతురి వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న టేకు స్తంభం మీదే చూపు నిలిపి కూర్చుంది. చేతులు రెండూ ఒడిలో గట్టిగా పట్టుకుంది, వదిలితే అవి ఏం చేస్తాయోనని భయపడ్డట్టు.

మొదట నోరు విప్పింది జుమిలా. వేరుశనగకాయలు ఉడకబెట్టి అమ్ముకునే ఆ మనిషికి మనసులో మాట లోపల దాచుకునే అలవాటు లేదు.

“బాగుంది సంబడం! తల్లి గుట్ట వైపు, కూతురు వంతెన వైపు. మరి సాయంత్రం పొయ్యి ఎవరు ముట్టిస్తారో?”

కొందరు నవ్వారు. వంతెన పక్కన టైర్ల కొట్టు నడిపే సర్వెది అందుకున్నాడు. “నగరంలో కలిశాక పొయ్యెందుకే జుమిలా? అందరం హోటల్లోనే తింటాం.”

“నీకేం నాయనా, లారీ పంచరైన ప్రతిసారీ నీకు పండగే.”

“పంచర్లు నేను చెయ్యను కదా!”

“మేకులు ఎవరు చల్లుతున్నారో ఎవరు చూడొచ్చారు?”

ఈసారి నవ్వులు గట్టిగానే లేచాయి. వెనింగ్ మాత్రం కూర్చోలేదు. ఆమె ఊళ్ళోని చిన్న బడిలో టీచరు. పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతోనే పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టగలదు.

“నవ్వడం అయిందా? అయితే వినండి. మా అమ్మాయి లారస్ కోడి కంటే ముందు లేస్తుందని మీకందరికీ తెలుసు. వంతెన మీద నిలబడితే ఆ పెద్ద బడి కిటికీలు లెక్కపెట్టుకోవచ్చు. దాని గేటు మాత్రం మన పిల్లలకి తెరవరు. మనది వేరే జిల్లా అట. అందుకని అది చీకట్లో లేచి, కూరగాయల లారీ వెనకాల నిలబడి, ఆ తరవాత బస్సెక్కి, జిల్లా బడికి పోయి, మళ్ళీ చీకటి పడ్డాక వస్తుంది. వచ్చి కంచం ముందు కూర్చునే నిద్రపోతుంది. మీ ఇళ్ళల్లో పిల్లలూ అంతే. మన పొలాలు, మన పెద్దరికం, మన గుట్ట అంటున్నాం. ఆ పిల్లల్ని ఒక్కసారైనా అడిగామా?”

“చదివి ఏం చేస్తారమ్మా? ఊరొదిలి పోతారు,” అన్నాడు వెనకనుంచి ఓ ముసలాయన.

“ఇప్పుడు పోవట్లేదా బాబాయ్? నీ కొడుకులిద్దరూ ఎక్కడున్నారు?”

ఆ మాట వెనింగ్‌కే కాస్త కటువుగా తోచినట్టుంది, చెయ్యి గుండెల మీద పెట్టుకుని క్షమించమన్నట్టు తల వంచింది.

నగరం నుంచి వచ్చిన అధికారి బగస్ ఇదంతా చివరి స్తంభం పక్కన కూర్చుని వింటున్నాడు. ముప్పయ్యేళ్ళైనా నిండని మనిషి. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, ముందు ఎవరో పెట్టిన ఉడికించిన కర్రపెండలం. పొద్దున్నుంచీ దాన్ని ముట్టుకోలేదు. తనని అడిగితే తప్ప మాట్లాడకూడదని నిశ్చయించుకున్నట్టున్నాడు.

అంతలో మసీదు నుంచి మధ్యాహ్నపు పిలుపు వినిపించింది. వార్సితి లేచింది.

“నమాజు చేసుకుని రండి. తిరిగొచ్చాక తేలుద్దాం,” అని మంటపం వెనకవైపు నడిచింది.

*

వెనక పెరట్లో నీళ్ళ తొట్టి ఉంది. ఆడవాళ్ళు అక్కడే కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు. వార్సితిని చూసి అక్కడున్న ఇద్దరు ముగ్గురు గబగబా కడుక్కుని తప్పుకున్నారు. వెనకాలే వెనింగ్ రావడం చూశారు మరి.

వార్సితి చెంబుతో నీళ్ళు ముంచి మోచేతుల మీద పోసుకుంది. తలెత్తకుండానే అడిగింది.

“ఇంట్లో చెప్పలేకపోయావా?”

“చెబితే వినేదానివా అమ్మా?”

“వినేదాన్ని కాదు. అయినా చెప్పాలి కదా. ఊరందరితో పాటు నేను కూడా చాప మీద కూర్చుని వినాలా?”

వెనింగ్ తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. “నిన్న లారస్ బడి మానేస్తానంది. అవతల చెప్పుల ఫ్యాక్టరీలో చేరతానంది. ఫ్యాక్టరీవాళ్ళకి మనది ఏ జిల్లా అయినా ఫరవాలేదట. బడికి అడ్డమొచ్చిన హద్దు పనికి అడ్డం రాదట. ఆ మాట విన్నాక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.”

మనవరాలి సంగతి వార్సితికి తెలియదు. చెంబు చేతిలోనే ఆగిపోయింది. కానీ కోపం ఇంకా చల్లారలేదు.

“మీ నాన్న బతికుంటే ఈ మాట నీ నోట్లోంచి వచ్చేదా?”

వెనింగ్ తల్లి చేతిలోని చెంబు తీసుకుని తను కూడా ముఖం మీద నీళ్ళు చల్లుకుంది. తలగుడ్డ కొసతో తుడుచుకుంది. తుడుచుకుంటున్నంతసేపూ చెప్పాలా వద్దా అని తనలో తను తేల్చుకుంటోందని తల్లికి అర్థమైంది.

“నాన్న బతికుంటే ఈ మాట ఆయనే అనేవారు.”

“ఏం కూస్తున్నావే?”

“లారస్‌కి సీటు దొరకని ఏడాది నాన్న ఆ బడికి వెళ్ళారు. పెళ్ళిళ్ళకి వేసుకునే బాతిక్ చొక్కా వేసుకుని, నల్ల టోపీ పెట్టుకుని, వంతెన మీద నడుచుకుంటూ వెళ్ళారు. పొద్దుటినుంచీ బయట బల్ల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం లోపలికి పిలిచి, చాలా మర్యాదగా, ‘మీ ఊరు మా పరిధిలో లేదండీ’ అన్నారు. అంతే. అక్కణ్ణుంచి ఇంటికి రాలేదు. నా బడికి వచ్చారు. పిల్లలు వెళ్ళిపోయారు. ఒకటో క్లాసు పిల్లల బల్ల మీద మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. ‘అవతలివాళ్ళు ఇటు రాకుండా కాపలా కాశాననుకున్నాను తల్లీ. మనవాళ్ళు అటు పోకుండా కూడా నేనే కాపలా కాశాను’ అన్నారు. కోతలయ్యాక ఊరిని కూర్చోబెట్టి చెబుతానన్నారు. కోతలదాకా ఉండలేదు.”

వార్సితికి ఆ రోజు గుర్తొచ్చింది. బాతిక్ చొక్కాతో పొద్దుపోయి ఇంటికొచ్చాడు. ఎక్కడికి వెళ్ళావంటే పట్నంలో ఏదో మీటింగన్నాడు. అన్నం వద్దన్నాడు, పన్ను నొప్పిగా ఉందన్నాడు. తను లవంగం నూరి తెచ్చిచ్చింది. అతను బుద్ధిగా నోరు తెరిచి పెట్టించుకున్నాడు. లేని నొప్పికి మందు పెట్టించుకుని, మంటకి కళ్ళు చెమరిస్తే నవ్వాడు కూడా.

“నాతో ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది.

“నేనూ అదే అడిగాను.”

“ఏమన్నారు?”

“వద్దులే అమ్మా.”

“చెప్పు.”

“‘మీ అమ్మ నేనేమంటే అదే అంటుంది. ఇప్పుడు నాకు కాదనే మనిషి కావాలి’ అన్నారు.”

వార్సితి తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. కట్టుకున్న బట్ట తడిసిపోతున్నా పట్టించుకోలేదు. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన మాటకి ఎదురు చెప్పకపోవడమే ప్రేమ అనుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా ఆ మాటే మెచ్చుకునేవారు. ఆయన పోయాక ఆయన మాటలే తన నోటితో అంటూ వచ్చింది. సభల్లో ఆయన ఆగినచోట ఆగింది, గొంతు పెంచినచోట పెంచింది. చప్పట్లు పడేవి. తీరా చూస్తే, ఆ మాటల్ని ఆయన ఎప్పుడో వదిలేశారు. తనొక్కతే వాటిని మోసుకు తిరుగుతోంది.

“మూడేళ్ళు ఎందుకు దాచావే?”

“నాన్నని గుట్ట మీద పెట్టిన రోజు ఊరంతా ఏమందో గుర్తు లేదా? దర్మాజిగారు ఉన్నంతకాలం వంతెన దాటనివ్వలేదు, ఆయన పేరు మీద మేమూ దాటనివ్వం అన్నారు. నువ్వు నలభై రోజులు సరిగ్గా అన్నం తినలేదమ్మా. ఆ మాట పట్టుకునే లేచి నిలబడ్డావు. నిన్ను నిలబెట్టిన మాటని నేనెలా లాగేసేది?” వెనింగ్ తల్లి పక్కన కూర్చుంది. “లోపల నేను నా కూతురి మాటే మాట్లాడతాను. నాన్న సంగతి ఎత్తను. అది నీ ఇష్టం.”

మసీదులో నమాజు మొదలైనట్టుంది, గొంతులన్నీ ఒక్కసారిగా తగ్గిపోయాయి. తల్లీకూతుళ్ళు ఇద్దరూ లేచి మసీదుకి నడిచి, ఆడవాళ్ళ వరసలో చివర, పక్కపక్కనే నిలబడ్డారు.

*

సభ మళ్ళీ కూడింది. ఈసారి మొదట మాట్లాడినవాడు మర్తోయో తాత. ఊరిలో ఆయన కంటే పెద్దవాళ్ళు ఎవరూ లేరు. సమాధుల గుట్టకి కాపలాదారు. రోజూ పైకెక్కి దేవగన్నేరు ఆకులూ పువ్వులూ ఊడ్చి వస్తాడు. ఇప్పుడు గొయ్యి తవ్వే ఓపిక లేదు కానీ, ఎవరిని ఎక్కడ పెట్టాలో చెప్పేది మాత్రం ఆయనే. భార్య కస్మి పక్కన తనకోసం చోటు ఉంచుకున్నాడన్నది ఊరందరికీ తెలుసు.

కర్ర ఆనించుకుని లేచి, మంటపం మధ్యలోకి వచ్చాడు.

“బూ లూరా!” అన్నాడు. ఊరి పెద్దని పిలిచే పిలుపు అది. వయసులో కూతురంతటిదైనా ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడు. “టీచరమ్మ చెప్పింది విన్నాం. నువ్వింకా ఏమీ చెప్పలేదు. నాకు వాదాలు తెలియవు. ఒక్కటే అడుగుతా. దర్మాజి ఉంటే ఇవాళ ఏమనేవాడు? నీ నోటితో చెప్పు. నువ్వు చెబితే ఊరు నమ్ముతుంది.”

“అదీ మాట!” అన్నారు కలవడం వద్దన్నవాళ్ళు.

వార్సితి లేచింది. ఎదురుగా అందరి ముఖాలూ ఆమె వైపే తిరిగి ఉన్నాయి. పాతికేళ్ళ కిందట దర్మాజి మొదటిసారి గెలిచినప్పుడు ఇలాగే చూసినవాళ్ళలో సగం మంది ఇప్పుడు గుట్ట మీదున్నారు. మిగతా సగం జవాబు కోసం చూస్తున్నారు. వాళ్ళకి కావలసిన జవాబు ఆమెకి తెలుసు. ఒక్క మాట. అది అనేస్తే సభ ముగిసిపోతుంది. అబద్ధమని తెలిసినది వెనింగ్ ఒక్కతే. వెనింగ్ తలవంచుకుని చాప అల్లికని గోటితో గీస్తోంది. అది లేచి కాదనదు. తల్లికి ఆ నమ్మకం ఉంది.

ఆ నమ్మకమే ఆమెని అబద్ధమాడనివ్వలేదు.

“కలుద్దామనేవారు,” అంది వార్సితి.

ముందు ఎవరికీ సరిగ్గా వినబడలేదు. ఆమె మళ్ళీ అంది. బడి సంగతి చెప్పింది. బయట బల్ల మీద కూర్చోబెట్టిన సంగతి చెప్పింది. “ఆయన నాతో ఈ మాట అనలేదు. నాకు ఇందాకే తెలిసింది. ఎలా తెలిసిందని అడక్కండి.”

మంటపం ఒక్కసారి భగ్గుమంది. అబద్ధమని కొందరు, కూతురి కోసం చనిపోయినవాడి నోట్లో మాటలు పెడుతోందని కొందరు. ఒకావిడ ఏడుపు లంకించుకుంది. సర్వెది తనకి అనుకూలమైన మాటే అయినా నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు.

మర్తోయో తాత కర్రతో నేలని టకటకా కొట్టాడు.

“అబద్ధం కాదు. నోళ్ళు మూయండి. నాకు తెలుసు.”

“నీకెలా తెలుసు తాతా?” జుమిలా అరిచింది.

“నాకు చెప్పాడు గనక తెలుసు. పోవడానికి కొద్దిరోజుల ముందు, నేను గుట్ట మీద ఊడుస్తుంటే వచ్చాడు. చీపురు లాక్కుని తను ఊడుస్తూ చెప్పాడు. ‘ఊరిని కలిపేద్దామనుకుంటున్నా, నువ్వేమంటావ్’ అన్నాడు. కలుపుకో, నాకేం అన్నా. కానీ కలిపితే గుట్ట మూసేస్తారుగా, నన్ను మా కస్మి పక్కన పెట్టేదాకా ఆగు అన్నా. ఆగుతానన్నాడు. మంచివాడు. ఎంత, ఏడాదో ఏడాదిన్నరో అనుకున్నాం ఇద్దరం.” తాత ఒక్క క్షణం ఆగాడు. “వాడే ముందు పోయాడు. వాడి గొయ్యి నేనే దగ్గరుండి తవ్వించాను.”

“అంటే నీ కోసం ఊరంతా ఆగిందా?” అంది జుమిలా.

“ఆగితే ఏమైందే? నేనేమైనా పనిగట్టుకుని బతుకుతున్నానా? నీకు తొందరగా ఉంటే నువ్వు ముందు పద, మంచి చోటు చూపిస్తా.”

ఏడుస్తున్న ఆవిడ కూడా ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వుతో మంటపంలో బిగువు కాస్త సడలింది. కానీ వార్సితి నవ్వలేదు. ఆమె వేరే సంగతి ఆలోచిస్తోంది. కాదనే మనిషి కావాలని దర్మాజి వెతుక్కుంటూ వెళ్ళి, ఈ ముసలాయన దగ్గర కాదనిపించుకున్నాడు. ఆ కాదన్న మాటకి విలువిచ్చి ఆగాడు. ఊరు ఆయన్ని కోటగోడలా చూసింది. ఆయన మాత్రం ఒకవైపు మనవరాలినీ, ఇంకోవైపు ఒక ముసలాయన్నీ పెట్టుకుని నలిగిపోయిన మామూలు మనిషి. ఇన్నాళ్ళకి తన మొగుడి మీద ఆమెకి కొత్తగా జాలి కలిగింది. ఆ జాలి కంటే కొంచెం ఎక్కువగా ప్రేమ కూడా.

“అందరూ వినండి,” అంది. ఈసారి గొంతు పెంచలేదు. అయినా వినిపించింది. “ఇన్నాళ్ళూ ఆయన మాటలే మీకు అప్పజెప్పాను. ఇవాళ ఆ మాటలు నా దగ్గర లేవు. నా మాట ఏమిటో నాకే తెలియదు, ఇప్పుడే వెతుక్కుంటున్నాను. తప్పుంటే సరిదిద్దండి.”

ఆమె పిల్లల తల్లులు కూర్చున్న వైపు తిరిగింది.

“పిల్లల సంగతి నిజం. నా మనవరాలు పుస్తకాలు పక్కన పడేసి చెప్పులు కుట్టడానికి పోతానంటోంది. నా కుర్చీ పోయినా ఫరవాలేదు, పొలాలు పోతే కష్టమే కానీ బతుకుతాం. కానీ గుట్ట సంగతి కూడా నిజం. రేపు ఉపవాసాల నెల ముందు మనందరం పైకెక్కి సమాధులు కడుక్కుంటాం, పువ్వులు చల్లుకుంటాం, అక్కడే కూర్చుని అన్నం తింటాం. మనవాళ్ళు ఒకచోట ఉన్నారు కాబట్టే మనం ఒకచోట కూర్చుంటున్నాం. అందుకని నా మాట ఇది. గుట్టని మనకి వదిలెయ్యమందాం. మనవాళ్ళని మనం అక్కడే పెట్టుకుంటాం. దానికి ఒప్పుకుంటే, నేను వంతెన వైపు జరుగుతాను.”

వెనింగ్ తలెత్తింది. తల్లి ముఖంలోకి అంత సూటిగా ఆమె చాలా ఏళ్ళుగా చూడలేదు.

“కలవాలనుకునేవాళ్ళు వంతెన వైపు, వద్దనుకునేవాళ్ళు గుట్ట వైపు కూర్చోండి,” అంది వార్సితి. ఊళ్ళో పెద్ద విషయాలు తేల్చుకునే పద్ధతి ఎప్పుడూ అదే.

చాపలు జరిగాయి. మోకాళ్ళు పట్టుకుంటూ కొందరు లేచారు. మొదట యువకులు, ఆ తరవాత పిల్లల తల్లులు వంతెన వైపు నడిచారు. జుమిలా బుట్ట చంకన పెట్టుకుని కాసేపు ఊగిసలాడి, “నా మనవడు కూడా ఆ లారీ వెనకాలే వేలాడుతున్నాడు,” అని ఎవరూ అడక్కుండానే సంజాయిషీ చెప్పుకుంటూ అటే కదిలింది. ఇందాక వెనింగ్ ఎవరి కొడుకుల ఊసెత్తిందో ఆ ముసలాయన కూడా జుమిలా పక్కకే వచ్చి కూర్చున్నాడు.

మర్తోయో తాత మాత్రం మధ్యలోనే నిలబడ్డాడు. కర్ర మీద ఒరిగి, చివరి స్తంభం వైపు తిరిగాడు.

“ఏం బాబూ, ఖాకీ చొక్కా! పొద్దుటినుంచీ నువ్వు నోరు తెరవలేదు. మా బూ లూరా అడిగింది విన్నావుగా. నన్ను మా కస్మి పక్కన పెట్టనిస్తానను. నేను కూడా వంతెన వైపు వచ్చి కూర్చుంటా. ఒక్క ముక్క చెప్పు చాలు.”

అందరూ నవ్వుముఖాలతోనే అటు తిరిగారు. పెద్ద కోరికేం కాదు. ఒక చిన్న గుట్ట. అది ఇవ్వడానికి నగరానికి ఏం పోతుంది?

బగస్ లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. చొక్కా జేబు తడుముకున్నాడు, అందులో ఏమీ లేదు. చివరికి మాట్లాడినప్పుడు అతని గొంతు అధికారి గొంతులా లేదు.

“నాది కూడా ఇలాంటి ఊరే తాతా. నేను చిన్నప్పుడే నగరంలో కలిసిపోయింది. మా ఊరి పేరు ఇప్పుడు ఒక బస్టాపు పేరు. అక్కడ దిగేవాళ్ళకి అది ఊరని కూడా తెలియదు.” కళ్ళు దించుకున్నాడు. “మీకు సరేనని చెప్పి రమ్మన్నారు నన్ను. ఏమడిగినా సరేననమన్నారు. మీ వయసువాళ్ళకి ఆ అబద్ధం చెప్పడం నా వల్ల కావట్లేదు.”

“ఏం అబద్ధం?” అంది వార్సితి.

“గుట్టని మూసేస్తారన్నది కూడా అబద్ధమే. మూసెయ్యరు. గుట్టే ఉండదు. కొత్తగా వేసే పెద్ద రోడ్డు దాని మీంచే పోతుంది. గుట్టని తవ్వేస్తారు. పడుకున్నవాళ్ళని లేపి వేరేచోటికి మార్చాలి.”

మర్తోయో తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమంటున్నాడు?” అని పక్కవాణ్ణి అడిగాడు. ఆ పక్కవాడు సర్వెది. నోట్లోంచి ఎప్పుడూ హాస్యం తప్ప రాని సర్వెది, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

వెనింగ్ లేచింది. “మా నాన్న ఉన్నాడు అక్కడ,” అంది. టీచరు గొంతు కాదది. “మేం ఒప్పుకోకపోతే? ఇప్పుడే మేమందరం లేచి గుట్ట వైపు కూర్చుంటే?”

“రోడ్డుకి మీ ఒప్పుకోలు అక్కర్లేదమ్మా. కలిసినా పోతుంది, కలవకపోయినా పోతుంది.”

వంతెన వైపు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. గుట్ట వైపువాళ్ళూ లేచారు. ఎవరు ఎటు వెళ్ళాలో ఎవరికీ తెలియలేదు. ఇంతకుముందు ఆ మంటపానికి రెండు వైపులుండేవి. ఇప్పుడవి లేవు.

వార్సితి అందరి మధ్యనుంచి నడిచి వచ్చింది. బగస్ ఎదురుగా, కుర్చీ వేయించుకోకుండా, వట్టి నేల మీద కూర్చుంది.

“కూర్చో నాయనా. నిజం మొదలుపెట్టావు, పూర్తి చెయ్యి. నది ఇవతలకి నగరం ఎప్పుడూ రాలేదు. మా గుట్ట కొలతలు ఎవరు తీశారు? దారి అటునుంచే వెయ్యాలని ఎవరు తేల్చారు?”

బగస్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“తేల్చింది నగరమే, బూ లూరా. కానీ గుట్ట మీంచి దారి వెయ్యాలన్న ఆలోచన నగరానిది కాదు. రోడ్డు మొదట నది ఒడ్డు పొలాల మీంచి అనుకున్నారు. ఆ పొలాలు వదిలెయ్యండి, గుట్ట మీంచి దారి ఇప్పిస్తాను, ఊరి సంగతి నేను చూసుకుంటాను అని మా ఆఫీసుకి వచ్చి చెప్పినవాళ్ళు ఒకరున్నారు.” అతను తలెత్తకుండానే అన్నాడు. “ఈ ఊరి మనిషే. పొద్దుటినుంచీ ఇక్కడే, మీ అందరితో పాటు చాప మీద కూర్చుని ఉన్నారు.”

పక్కనున్న మనిషి ముఖంలోకి చూసే ధైర్యం ఆ క్షణాన కెదుంగ్‌సారిలో ఒక్కరికీ లేకపోయింది.